చుక్క పడిన చోటు

కారణమును వెదకుట మనుష్యునకు సహజము. కారణము దొరికినదని తొందరపడి నిశ్చయించుట అంతకంటెను సహజము. ఈ రెండింటికి నడుమనున్న దూరమునకే విచారణమని పేరు. ఆ దూరమును ఓపికతో నడువక, ఒక్క గంతులో దాటబోయినవాడు యంత్రము విషయమున ధనమును పోగొట్టుకొనును. మనుష్యుని విషయమున ధర్మమును పోగొట్టుకొనును. ఈ సత్యమును నేను మొదట గ్రంథములలో చదువలేదు. ఒక పాత ట్రాక్టరు కడుపుక్రింద, మట్టిలో వెల్లకిల పడుకొని నేర్చితిని. ఉదాహరణము మోటైనదని త్రోసిపుచ్చక చదువరులు కొంచెము ఓర్పు వహింపవలెనని మనవి.

చక్రములకు మారుగా ఇనుప పలకల గొలుసుపట్టాలపై నడచు ట్రాక్టరునకు క్రాలరు ట్రాక్టరని పేరు. మా వైపు జనులు దానిని డోజరనియే పిలుచుదురు. మెత్తని నేలలో చక్రము దిగబడును, పట్టా దిగబడదు. యంత్రపు బరువు వెడల్పైన పట్టా అంతటను పంచబడుటయే దానికి కారణము. కాలిఫోర్నియాలోని స్టాక్టన్ ప్రాంతపు మెత్తని నేలలలో ఆవిరి ట్రాక్టర్లు కూరుకొనిపోవుచుండగా, బెంజమిన్ హోల్ట్ అను యంత్రనిర్మాత చక్రములను తీసివేసి పట్టాలనమర్చి, 1904 నవంబరు 24న తన యంత్రమును నడిపి పరీక్షించెను. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట సైన్యములకు మిగిలిపోయిన అటువంటి యంత్రములు మన దేశమున సేద్యపు పనులలో ప్రవేశించినవి. 1947లో ఏర్పడిన కేంద్ర ట్రాక్టరు సంస్థ మధ్యభారతమున లోతుగా వేళ్ళు పాతుకొన్న రెల్లును పెకలించుటకు వానిని వినియోగించెను. ఆ పనికై మరిన్ని యంత్రములు కొనుటకు 1949లో ప్రపంచబ్యాంకు కోటి డాలర్ల ఋణమిచ్చెను.

తుంగభద్ర ఎడమగట్టు కాలువ క్రింద స్థిరపడిన తెలుగు కుటుంబములకు ఈ యంత్రము పరాయిది కాదు. 1953లో ఆనకట్ట పూర్తియై నీరు వచ్చినంతనే గంగావతి, సింధనూరు, మాన్వి ప్రాంతములకు కోస్తా జిల్లాలనుండి రైతులు తరలివచ్చి, నల్లరేగడి భూములు కొని, క్యాంపులు వేసికొని నిలిచిరి. ఆనాడది హైదరాబాదు రాష్ట్రము. 1956లో మైసూరు రాష్ట్రమున చేరినది. 1973లో ఆ రాష్ట్రమునకు కర్ణాటకమని పేరు వచ్చినది. జొన్నకు, ప్రత్తికి అలవడిన మిట్టపల్లముల నేలను వరిమడిగా మార్చవలెనన్న చదునుచేయక తప్పదు. ఎడ్లతో ఒక తరము పట్టు పనిని డోజరు ఒక్క వేసవిలో చేసెడిది. మా తండ్రిగారును ఇద్దరు భాగస్వాములతో కలిసి వేలములో ఒక పాత యంత్రమును కొని, మా పొలము చదునుచేసికొని, ఇతరులకు గంటల లెక్కన అద్దెకిచ్చుచుండిరి.

నేను ఉన్నతపాఠశాలలో చదువుచున్న కాలమున, ఒక వేసవిలో జరిగిన సంగతి ఇది. యంత్రమునకు ఒక డ్రైవరు, ఒక సహాయకుడు ఉండిరి. సహాయకుడు ప్రక్క గ్రామపు కన్నడ బాలుడు, పదునేడేండ్లుండును. గ్రీజు పెట్టుట, డీజిలు వడపోయుట, పాత నూనెను దించి క్రొత్త నూనె పోయుట వాని పనులు. ఒకనాటి సాయంకాలము వాడు ఇంజను నూనె మార్చెను. మరునాటి ఉదయమున యంత్రము క్రింద జానెడు వెడల్పున నల్లని మడుగు కట్టియుండెను. నూనె దించు బోల్టునకు సరిగా క్రిందుగా, అడుగు రేకునకున్న రంధ్రమునుండి చుక్కచుక్కగా నూనె రాలుచుండెను.

ఇంకేమి కావలెను? నిన్న బోల్టు విప్పినవాడు వీడు. నేడు బోల్టు క్రింద నూనె. మా తండ్రిగారు స్వభావమున క్రూరులు కారు. కాని ఆనాడే నూనె ఖరీదు చెల్లించి వచ్చియుండిరి. బాలుడు బోల్టును గట్టిగా బిగించినానని కన్నడమున రెండుమారులు చెప్పెను. మూడవమారు చెప్పుటకు వానికి అవకాశము చిక్కలేదు. ఆ నెల జీతములో నూనె ఖరీదు విరిచి, మిగిలినది చేతిలో పెట్టి పంపివేసిరి. క్యాంపులో పదిమంది చూచుచుండగా వాడు కాలువగట్టు వెంట నడచిపోయెను.

అందులో ఒక ముచ్చట కలదు. బాలుడు వెళ్ళకమునుపే డ్రైవరు పానా పెట్టి బోల్టును తిప్పిచూచెను. అది అణువంతయు తిరుగలేదు. అతడా మాటను మెల్లగా చెప్పెను, మేమందరమును వింటిమి, ఎవ్వరును పట్టించుకొనలేదు. నిశ్చయము ముందుగా కుదిరిన మనస్సునకు సాక్ష్యము వినబడును గాని తలకెక్కదు.

నూనె కారుట ఆగలేదు. బోల్టునకు క్రొత్త వాషరు వేసిరి, కారుచునే యుండెను. నూనె చాంబరునకు గాస్కెటు మార్చిరి, కారుచునే యుండెను. రెండువారముల పిమ్మట హోస్పేటనుండి ఒక ముసలి మేస్త్రీని పిలిపించిరి. ఆనకట్ట పనులలో ఇటువంటి యంత్రములతోనే జీవితము గడపినవాడు. ఆయన వచ్చి పానా పట్టలేదు. ముందుగా ప్రశ్నలు వేసెను. కారునది ఏ నూనె? నడచునప్పుడు కారునా, నిలిచియున్నప్పుడా? చల్లగానున్నప్పుడా, వేడెక్కిన పిదపనా? రాత్రులు యంత్రమును ఎక్కడ నిలుపుదురు?

ఈ ప్రశ్నల క్రమమే ఒక శాస్త్రము. ఇట్టి యంత్రమున ఇంజను నూనె, గేరు నూనె, డీజిలు వేరువేరు చోట్లనుండును. రాలినదానిని వ్రేళ్ళ నడుమ రుద్ది, వాసన చూచినచో సగము సందేహము తీరును. గేరు నూనె చిక్కగా జిగురుగా నుండి ఘాటైన వాసన వేయును, డీజిలు పలుచన, మసి కలిసి నల్లబడినది ఇంజను నూనె. మేస్త్రీ అది ఇంజను నూనెయేనని తేల్చెను. దానితో గేరుపెట్టె, వెనుకటి ఇరుసు మొదలగువానిపై అనుమానము తొలగిపోయినది.

పిమ్మట యంత్రమును రాత్రులు నిలుపు కాలువగట్టు వాలునుండి సమతలమునకు తెప్పించెను. చిత్రమేమనగా, చుక్క పడుచోటు మారినది! ఇప్పుడది బోల్టు క్రింద కాక, రెండడుగులు వెనుకగా పడుచుండెను. ఇంజను అడుగున రాళ్ళు తగులకుండ కాపాడుటకు మందపు రేకు ఒకటి బిగించియుండును. పైన ఎక్కడ కారిన నూనెయైనను ఆ రేకుమీద పడి, వాలును బట్టి పారి, ఎక్కడ రంధ్రము దొరకిన అక్కడ బయటపడును. వాలుమీద యంత్రపు ముక్కు క్రిందికి వంగియున్నందున వెనుకనుండి వచ్చిన నూనె ముందుకు పారి, బోల్టు విప్పుటకై విడిచిన రంధ్రమున దిగుచుండెను. నేలమీది మడుగు రేకునకు సాక్ష్యమే గాని, ఇంజనునకు సాక్ష్యము కాదు.

తరువాత ఆ రేకును విప్పించి, నూనెతో కలిసి ముద్దగట్టిన మట్టిని గోకించి, ఇంజనునంతను కిరసనాయిలుతో కడిగించి, పాతగుడ్డలతో తడిలేకుండ తుడిపించెను. ఆరిన పిదప సున్నపు పొడిని పలుచగా చల్లి, ఇంజనును నడిపి, దీపము పట్టుకొని మమ్ము క్రింద పడుకొనుమనెను. “కింద చూడకండి బాబూ, పైకి చూడండి. అన్నిటికన్నా పైన ఎక్కడ తడిసిందో అక్కడ వెతకాలి” అని చెప్పెను. నూనె క్రిందికి జారును. ఫ్యాను గాలికి వెనుకకు తోలబడును. కావున తడిసిన భాగమంతటిలో మిక్కిలి ఎత్తుననున్నది, మిక్కిలి ముందున్నది ఏదో చూడవలెను. ఇరువది నిమిషములకు తెల్లని పొడిమీద ఒక సన్నని నల్లని చార కనబడెను. అది బోల్టునొద్ద కాదు, చాంబరు అంచున కాదు. ఇంజను వెనుక, ఫ్లైవీలు పెట్టె అడుగుననున్న రంధ్రమునుండి వచ్చుచుండెను. ఇంజను ఇరుసు వెనుకటి కొననున్న ఆయిల్ సీలును దాటి నూనె వచ్చుచున్నదన్నమాట.

ఇక్కడితో విచారణ ముగిసినదని మేమనుకొంటిమి. మేస్త్రీ అనుకొనలేదు. సీలు మార్చవలెనన్న క్లచ్చి, ఫ్లైవీలు దించవలెను, వారముల పని. “సీలు ఎందుకు విడిచిందో తెలియకుండా మారిస్తే కొత్తదీ విడుస్తుందండి” అని ఇంజను పైభాగమునకు పోయి బ్రీదరును విప్పెను. ఏ ఇంజనులోనైనను మండిన వాయువు కొంత పిస్టను రింగులను దాటి నూనెచాంబరులోనికి దిగును. రింగులరిగిన ఇంజనులో అది మరింత యెక్కువ. ఆ వాయువు బయటికి పోవుటకే బ్రీదరు. అది మూసుకొనిపోయినచో లోపల ఒత్తిడి పెరిగి, నూనెను బలహీనమైన చోటినుండి బయటికి నెట్టును. మా యంత్రపు బ్రీదరు దుమ్ముతోను, జిడ్డుతోను ఇటుకవలె గట్టిపడియుండెను. దానిని కడిగి బిగించి, ఒక పూట నడిపించెను, చార ఆగెను. మరల దానికి గుడ్డ చుట్టి కొంతసేపు నడిపించెను; చార వచ్చెను. గుడ్డ తీసివేసెను, మరల ఆగెను. సీలు అరిగినదే, కాని దానిని పనిచేయనీయనిది వేరొకటి.

తర్కశాస్త్రమున అన్వయవ్యతిరేకములనునవి ఇవియే. ఒకటి ఉన్నచో మరియొకటి ఉండుట, లేనిచో లేకుండుట. ఈ రెండును చూడనిదే సంబంధము నిలువదు. మన ఆంధ్రుడైన అన్నంభట్టు పదునేడవ శతాబ్దిలో రచించిన తర్కసంగ్రహము నేటికిని ఈ శాస్త్రమున తొలి పాఠ్యగ్రంథము. కొండపై పొగను చూచి నిప్పున్నదని ఊహించుట ఆ శాస్త్రమున ప్రసిద్ధమైన ఉదాహరణము. పొగయున్నచోట నిప్పుండుట నిజము. నిప్పున్నచోటనెల్ల పొగయుండుననుట నిజము కాదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండులో నిప్పున్నది, పొగ లేదు. పొగకు పచ్చికట్టె కూడ కావలెను. మా తండ్రిగారి తప్పును ఇట్టిదే. బోల్టు వదులైనచోట నూనె కారుననుట నిజము. నూనె కారినచోటనెల్ల బోల్టు వదులైనదనుట నిజము కాదు. ఒక సత్యమును తలక్రిందుగా పట్టుకొని, దానితో ఒక బాలుని కొట్టినట్లైనది.

మరి నూనె మార్చిన మరునాడే మడుగు కనబడుట ఎట్లు సంభవించెను? కాకి వ్రాలుట, తాటిపండు రాలుట ఒక్కమారు జరుగుటను పెద్దలు కాకతాళీయమందురు. కాని ఇందులో అంతకంటె సూక్ష్మమైన సంగతి యొకటి కలదు. ఆ నూనె అంతకుముందునుండియే కారుచుండెను. రేకుమీది మట్టియే దాని సాక్షి. ఎండిన నేల దానిని త్రాగివేయుచుండెను. ఎవ్వరును వంగి చూడలేదు. ఖరీదు చెల్లించిన మరునాడు మా తండ్రిగారు వంగి చూచిరి. క్రొత్తగా వచ్చినది దోషము కాదు, చూపు. మన చూపు పుట్టిన దినమునే దోషము పుట్టిన దినముగా భావించి, ఆనాడు దగ్గరనున్నవానిని దోషిగా నిలుపుట లోకమున ఎంత తరచుగా జరుగుచున్నదో చదువరులు తమ అనుభవములను తలచుకొనిన చాలును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. కారణమునకు కారణము, దానికి మరొక కారణము వెదకుచుపోయినచో ఎవ్వరి బాధ్యతయు నిలువదు గదా? సీలు విడుచుటకు బ్రీదరు, బ్రీదరునకు దుమ్ము, దుమ్మునకు వేసవి, వేసవికి సూర్యుడు! చివరకు తప్పంతయు విధిదేయని చేతులు దులుపుకొనవచ్చును. ఈ ఆక్షేపణకు సమాధానము మేస్త్రీ చేతిలోనే యున్నది. ఆయన సూర్యునివరకు పోలేదు, బ్రీదరునొద్ద ఆగెను. ఎందుకు? అది చేతితో బాగుచేయదగినది, బాగుచేసినచో దోషమాగునది. నైతిక విచారమునకును హద్దు ఇదియే. ఎవనికి తెలిసియుండెనో, ఎవనికి మాన్పు శక్తియుండెనో, వానియొద్ద బాధ్యత ఆగును. బాధ్యత ఎత్తుననుండి పల్లమునకు జారును; నూనెవలెనే అదియు క్రిందివానిపై చుక్కగా పడును. వెదకవలసినది పైన.

అట్లు వెదకగా మా యింట ఏమి తేలినది? బ్రీదరును కడుగవలెను, ఒకదినము యంత్రము నిలుపుడని డ్రైవరు ఆ వేసవిలో రెండుమారులు అడిగియుండెను. అద్దె గంటలు పోవునని, ఈ పొలము ముగియనిమ్మని, మా తండ్రిగారే వాయిదా వేసియుండిరి. తడిసిన చోట్లలో మిక్కిలి ఎత్తుననున్నది ఆయన మాటయే. మేస్త్రీ ఈ సంగతి నెరుగడు. డ్రైవరు తలవంచుకొని నిలుచుండెను. మా తండ్రిగారే, “నన్ను రెండుసార్లు అడిగాడు. నేనే ఆపలేదు” అని అందరియెదుట చెప్పిరి. ఆయన జీవితమున నేను మిక్కిలి గౌరవించు దినము అదియే.

రెండవ ఆక్షేపణ కూడ కలదు. విచారణ ముగియువరకు చేతులు ముడుచుకొని కూర్చుండవలెనా? నూనె తరిగిన ఇంజను నిలువున కాలిపోవును గదా? నిజమే. కొలత చూచి నూనె పోయవలెను, క్రింద రేకుడబ్బా పెట్టవలెను, అవసరమైన యంత్రము నాపవలెను. కాని ఇవి రక్షణలు, తీర్పులు కావు. రక్షణకు తొందర కావలెను, తీర్పునకు ఓర్పు కావలెను. ఒకదాని తొందరను మరియొకదానికి అరువిచ్చుటయే అన్యాయములలో పెక్కింటికి మూలము. బోల్టును మరల పరీక్షింపుమని బాలునికే చెప్పియుండినచో రక్షణయు జరిగియుండెడిది, న్యాయమును నిలిచియుండెడిది.

మరునాడు మా తండ్రిగారు నన్ను వెంటబెట్టుకొని ప్రక్క గ్రామమునకు పోయిరి. విరిచిన జీతము, పనిలేని దినముల జీతము ఇచ్చి, తప్పు తమదని చెప్పి, పనికి రమ్మనిరి. బాలుడు డబ్బు పుచ్చుకొని తల్లి చేతికిచ్చెను. పనికి మాత్రము రాలేదు. ఒక బియ్యపుమిల్లులో కుదిరితినని మర్యాదగా చెప్పెను. వాడు కోపపడలేదు, నవ్వనులేదు. దారిపొడవునను మా తండ్రిగారు మాటాడలేదు. ఇంజనుకు పట్టిన మరక కిరసనాయిలుతో పోయినది. పదిమంది యెదుట ఒకని పేరునకు పట్టిన మరకను, ముగ్గురి యెదుట చెప్పిన క్షమాపణ పూర్తిగా కడుగలేదు. నింద ఎంత బహిరంగమో, దాని ఉపసంహారము అంత బహిరంగముగా ఉండవలెనని ఆయన గ్రహించి, ఆ వారమే క్యాంపులో రామమందిరము ముందు పదిమందిని పిలిచి ఆ మాట చెప్పిరి. అది వానికి చేరినదో లేదో మాకు తెలియదు. చెప్పుట మాత్రము మా విధి.

ఈ కథను ఈ సంచికలో వ్రాయుటకు వేరొక హేతువు కూడ కలదు. మనము పరభాషాప్రాంతములలో తరములుగా నివసించుచున్నవారము. నీటి తగవు వచ్చినను, ధరలు పెరిగినను, వేలు ముందుగా చూపబడునది పొరుగునుండి వచ్చినవానిమీదనేయని మన పెద్దలకు అనుభవమే. చుక్క పడిన చోట నిలువబడియున్న నేరము తప్ప వేరు నేరమెరుగక మాటలు పడిన కుటుంబములు మనలో లేకపోలేదు. ఆ బాధ తెలిసిన మనమే, మన పెరటిలో, మన భాష సరిగా రాని ఒక బాలుని అదే చోట నిలిపితిమి. వాడు తన భాషలో చెప్పిన సత్యము మాకు అర్థము కాకపోలేదు. ఇన్నేండ్లుగా ఆ నేల నీరు త్రాగిన మాకు కన్నడము తెలియును. వినుటకు మనస్సు లేకపోయినది. అత్తమీది కోపము దుత్తమీద చూపుట సామెతలో నవ్వు పుట్టించును; దుత్తకు ప్రాణమున్నప్పుడు నవ్వు రాదు.

మన సంఘములలోను ఇట్టివి కలుగుచుండును. లెక్కలలో కొంత తగ్గినచో కోశాధికారిని, నాటకము రక్తికట్టనిచో పాత్రధారిని, పిల్లవాడు తెలుగు చదువనిచో ఉపాధ్యాయుని, కోడలు మౌనముగా నున్నచో కోడలినే తప్పుపట్టుదుము. అందరును నిర్దోషులని నా భావము కాదు; బోల్టు నిజముగా వదులైన దినములును ఉండును. తుడిచి, పొడి చల్లి, దీపము పట్టి, పైకి చూచిన పిమ్మట బోల్టే వదులైనదని తేలినచో, అప్పుడా మాట చెప్పుటకు మనకు అధికారము కలుగును. అంతకుముందు లేదు.

మా తండ్రిగారు కడవరకు క్యాంపు తగవులలో పెద్దగా కూర్చుండుచుండిరి. ఎవరైనను ఆవేశముతో వచ్చి ఫలానావాడు ఇట్లు చేసెనని ఆరోపించినప్పుడు, ఆయన పూర్తిగా విని, ఒక్క ప్రశ్న వేసెడివారు: “తుడిచి చూశారా?” క్రొత్తవారికి అది అర్థమయ్యెడిది కాదు. మా క్యాంపువారు మాత్రము మారుమాటాడక ఇంటికిపోయి, మరల విచారించుకొని వచ్చెడివారు.